సక్కుబాయి ఇంటి బోనం

ఒక్క మనిషే ఉన్న ఇంటిని అమ్మవారు ఇల్లు కింద లెక్క వేసుకుంటుందా, వేసుకోదా అన్న సందేహం నాకు ఏండ్ల నుంచి ఉంది. పొద్దున దీపం పెట్టి కూర్చున్నప్పుడు వస్తుంది. పత్తర్‌గట్టి దుకాణంలో గజం బద్ద పట్టుకుని మల్లు గుడ్డ కొలుస్తున్నప్పుడు వస్తుంది. పిల్లలిద్దరూ చెరో పక్కన పడుకుని ఊపిరి తీస్తుంటే ఆ చప్పుడు వింటున్నప్పుడు కూడా వస్తుంది. ఎవరినీ అడగలేదు. పూజారిని అడిగితే నవ్వుతాడు. నా భార్య లలితమ్మను అడిగితే, పెండ్లాం పిల్లలు ఉన్నవాడికి ఒంటరివాళ్ల ఫికర్ ఎందుకంటుంది. ఈరోజు ఆషాఢ ఆదివారం, లాల్‌దర్వాజా మహంకాళికి బోనాలు. నా నెత్తి మీద పసుపు పూసిన కొత్త కుండ ఉంది, కుండలో పాలూ బెల్లమూ పోసి వండిన అన్నం ఉంది, కుండ మూతి మీద మూకుట్లో దీపం ఉంది, చుట్టూ కట్టిన వేపమండలు నా కనుబొమ్మల మీదికి వేలాడుతున్నాయి. మూతి మీద మీసాలూ ఉన్నాయి. మా గల్లీలో బోనం ఎత్తేది ఆడవాళ్లే, మీసాలున్నవాడు ఎత్తడం నేను చూడలేదు, నాకు ముందరి వాళ్లు చూసినట్టు చెప్పలేదు. డప్పులు మోగుతున్నాయి. నేను సక్కుబాయి గడప దిగాను.

కుండ ఊగుతోంది. తప్పు నాదే. నెత్తి మీద పెట్టుకునే గుడ్డచుట్టను నేను తలపాగా చుట్టినట్టు మెత్తగా, పెద్దగా చుట్టాను, మెత్తగా ఉంటే కుండ సుఖంగా కూర్చుంటుందనుకున్నాను. ఆడవాళ్లు సన్నగా, గట్టిగా, గాజంత చుడతారని ఇప్పుడు గుర్తొస్తోంది. చిన్నప్పటి నుంచి చూస్తూ కూడా చూడలేదు. లలితమ్మ చూసింది. మా ఇంటి బోనం తన నెత్తి మీద పెట్టుకుని నా ముందు నడుస్తోంది, చేత్తో పట్టుకోకుండానే నడుస్తోంది. రెండు కుండలకూ పసుపు పూసింది తనే, రెండింటికీ సున్నం చుక్కలు పెట్టింది తనే, కానీ నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. ఇందాక గడప దగ్గర మాత్రం నా వైపు చూడకుండా, మీసాలకు పసుపంటుకుంటది పైలం, అన్నది. కోపమో, నవ్వో నాకు తెలియలేదు. వెనక నుంచి చూస్తే ఆమె మెడ నిటారుగా ఉంది. ఒక మనిషి నెత్తి మీద ఒకే కుండ పడుతుంది. లేకపోతే సక్కుబాయి బోనం కూడా తనే ఎత్తేదా? ఎత్తేదనే అనుకుంటున్నాను. అడగలేదు. గల్లీలో ఇంకెవరినైనా అడిగితే, గల్లీ పెద్ద గుండయ్య మాట కాదని ఎవరూ రారని తెలుసు.

సక్కుబాయి మోకాలు విరిగింది. మూడు బర్రెలు పెట్టుకుని గల్లీ సగానికి పాలు పోసిన మనిషి, ఎండాకాలం చివర్లో కుడితి తొట్టి దగ్గర జారి పడి అప్పటి నుంచి మంచం మీదే ఉంది. మొగుడు ఎప్పుడో బొంబాయి పోయాడు, ఇక రాలేదు, చచ్చిపోయాడన్న కబురూ రాలేదు. అందుకని ఆమె కాలి మెట్టెలు తియ్యలేదు. మెట్టెలున్నాయి కాబట్టి విధవ అనడానికి లేదు, మొగుడు లేడు కాబట్టి ముత్తైదువ అనడానికి నోరు రాదు. గల్లీవాళ్లు ఆమెను ఎటు కలపాలో తెలియక ఊరుకున్నారు. కొట్టానికి ఆనుకుని ఆమెకు ఒక గది ఉంది. ఆ గదిలో ఒకప్పుడు నేనుండేవాణ్ని. ఇప్పుడు చంద్రమ్మ ఉంటోంది. చంద్రమ్మ భువనగిరి పక్క పల్లె పిల్ల, మూసీ ఒడ్డు దవాఖానలో నర్సు పని నేర్చుకుంది, పెండ్లి కాలేదు, ఒక్కతే. రాత్రి డ్యూటీకి పోయి పొద్దున వస్తుంది. గల్లీకి కష్టమైంది అదే.

మా గల్లీ పద్ధతి ఒకటుంది. బోనాల పొద్దున గుండయ్య ఇంటి నుంచి పసుపు గిన్నె బయలుదేరుతుంది, గల్లీలో ప్రతి గడపకూ బొట్టు పెడుతుంది. గుండయ్య తాతల నుంచి వాళ్లదే ఆ పెద్దరికం. బొట్టు పడిన గడప గల్లీ లోపలిది. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో జ్వరమొచ్చినా, పురుడొచ్చినా, పీనుగ లేచినా పిలవకుండానే మనుషులు వస్తారు. బొట్టు పడని గడప గల్లీలో ఉన్నా లేనట్టే. నెల కింద గుండయ్య వచ్చి సక్కుబాయి మంచం పక్కన నిలబడి, ఆ పిల్లను బోనాల లోపల పంపించు, లేకుంటే నీ గడపకు బొట్టు రాదు అని చెప్పాడు. మంచం మీది మనిషికి, ఎత్తుకుని కూచోబెట్టాల్సిన మనిషికి, గల్లీ రాకపోతే ఎట్లా? చంద్రమ్మకు ఆ మాట తెలిసింది. నిన్న ట్రంకు పెట్టె సర్దింది. షోలాపూర్‌లో మేనమామ ఉన్నాడట, అక్కడి దవాఖానలో చేరుతుందట. ఈ పొద్దున పసుపు గిన్నె సక్కుబాయి గడప దాటి పోయింది, ఆగలేదు. నేను అప్పటికే కుండ సిద్ధం చేసుకున్నాను.

దీపం వేడి నెత్తికి తెలుస్తోంది, నూనె చుక్క ఒకటి చెవి వెనక్కి జారింది. ముందర పోతరాజు కొరడా ఝళిపిస్తూ ఎగురుతున్నాడు, ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసి అడుగు తప్పాడు. పిల్లలు అరుగుల మీద నుంచి దిగి నా పక్కనే నడుస్తూ కిందికి వంగి నా మొహం చూస్తున్నారు, ఎవరో కాదు కదా అని. నేనే. బట్టల దుకాణం బాలనర్సింహనే. ఉపవాసం ఉన్నాను, తల మీద నీళ్లు పోసుకున్నాను, తడిబట్ట ఇంకా ఆరలేదు. తల్లీ, తప్పైతే నా మీదే చూపించు, ఆ మంచం మీది మనిషి మీద వద్దు. కానీ తప్పు ఎట్లా అవుతుందో కూడా కొంచెం చెప్పు.

చంద్రమ్మ నన్ను ఒక మాట అడిగింది. వేసవిలో ఒక సాయంత్రం కొట్టం ముందు కూచుని, బాపూ, నువ్వు మూడు ఊర్లు చూసినవంట గద, ఒక్కదానికి ఏ ఊరు మంచిది అన్నది. నేను ఏం చెప్పాను? ఇక్కడ గండిపేట నీళ్లు మంచివి అన్నాను. నీళ్ల కోసమేనా అని నవ్వింది. ఆ నవ్వు అప్పటి నుంచి నా వెంట తిరుగుతోంది. మూడు ఊర్లు చూసినవాడు నీళ్ల మాట చెప్పి తప్పించుకున్నాడు. నాకు ఇరవై రెండేండ్లప్పుడు నేనూ అదే అడిగాను, కాకపోతే ఎవర్నీ అడగలేదు, ఊర్లనే అడిగాను. మా ఇంటి మగ్గం అమ్మేశాక మా అన్న షోలాపూర్ మిల్లుకు పోయాడు, నన్నూ రమ్మన్నాడు. పోయాను. షోలాపూర్‌లో మా కులంవాళ్లే ఒక పేట నిండా ఉన్నారు, మా మాటే, మా వంటే, మా దేవుడే. ఒక్క గదిలో పన్నెండుమందిమి. నేను తిన్నానా, ఎక్కడికి పోయాను, ఎవరితో నవ్వాను, జీతం ఎందులో పెట్టాను, పెండ్లెప్పుడు, పిల్లనెవర్ని చూశారు — పొద్దున నుంచి పండుకునే దాకా ఇవే అడుగుతారు. ప్రేమే, కాదనను. ఊపిరి ఆడలేదు. నా వెనక నా కంటే ముందు నా కులం నడిచినట్టుండేది. అన్నతో చెప్పకుండా రైలెక్కి బొంబాయి పోయాను.

బొంబాయిలో ఎవరూ ఏమీ అడగలేదు. మొదటి వారం అది నాకు స్వర్గంలా అనిపించింది. మిల్లు కూలీలుండే చాల్ గదిలో చాప అద్దెకిచ్చేవాళ్లు, రాత్రి పాళీవాడు లేచి పోగానే ఆ చాప మీద పగటి పాళీవాడు పండుకుంటాడు. చాప చల్లారేది కాదు. నా చాప మీద పండుకునే రెండోవాడి పేరు కూడా నాకు తెలియదు. జ్వరం వచ్చి లేవలేకపోయిన పొద్దున అతను వచ్చి కాలితో తట్టాడు, లేవలేనని చేయి చూపించాను, నన్ను చాపతో సహా గోడ వైపు జరిపి, చాప కింద నుంచి లాక్కుని పండుకున్నాడు. అతన్ని తప్పు పట్టను, అతనూ నిద్ర లేక చచ్చేవాడే. ఒట్టి నేల మీద పండుకుని అనుకున్నాను, నేను ఇక్కడ చచ్చిపోతే నా చాప కోసం చూస్తారు తప్ప నా కోసం చూడరు అని. సక్కుబాయి మొగుడు అట్లాంటి ఏ గోడ పక్కన ఉన్నాడో. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు.

ఎడమ పక్కన మొదటి ఇల్లు వచ్చింది. బోనమెత్తిన మనిషి కాళ్ల మీద నీళ్లు పోస్తారు. నెత్తి మీద అమ్మ ఉంది కాబట్టి ఆ కాళ్లు అమ్మ కాళ్లే. ఇంటి ముందు నుంచి బోనం పోతుంటే ఆడవాళ్లు చెంబులతో వచ్చి పోస్తారు, దారంతా తడిసిపోతుంది, ఎండాకాలం వేడంతా ఆ తడితోనే దిగుతుందేమో అనిపిస్తుంది నాకు. లలితమ్మ కాళ్ల మీద పోశారు. ఆమె వెనకే నేను. చెంబు వెనక్కి పోయింది. రెండో ఇల్లూ అంతే. చెంబు చేతిలో ఉంది, నీళ్లున్నాయి, చెయ్యి రాలేదు. నేను ఆగలేదు. బోనం ఎవరి గడప ముందర ఆగితే ఆ ఇంటివాళ్లు నీళ్లు పొయ్యాల్సిందే, పొయ్యకుండా పొమ్మంటే ఏడాదంతా ఆ ఇంటికి మంచిది కాదంటారు. ఆగి పోయించుకోవచ్చు. ఆ మాట ఇందాక మనసులోకి వచ్చింది, తోసేశాను. భయపెట్టి పోయించుకునే నీళ్లు నాకెందుకు? నా కాళ్లకు దుమ్ము అంటుకుంది. లలితమ్మ వదిలిన తడి అడుగుల మీద అడుగులు వేసుకుంటూ పోతున్నాను. ఆమె కొంచెం నెమ్మదిగా నడుస్తోందా? కాళ్లు ఎక్కువ తడిపించుకుంటోందా? నాకోసమా?

దర్జీ శివయ్య పక్కన చేరాడు. నా ఈడువాడే, మంచివాడే, భయస్తుడు. గుండయ్య మూల మీద నిలబడ్డాడని చెప్పాడు. చెప్పి, డప్పు చప్పుడులో నా చెవి దగ్గరికొచ్చి, ఊగన్నా, అన్నాడు. పూనకం వచ్చినట్టు ఊగు. అమ్మ మీదికొచ్చిన మనిషిని మొగోడా ఆడదా అని ఎవడడుగుతడు? గుండయ్యే కాళ్ల మీద పడుతడు. నిమ్మకాయ కూడా నేనే కోస్త.

నవ్వొచ్చింది, కుండ కదిలింది. కానీ శివయ్య మాట నెత్తి మీది బరువు కంటే బరువుగా లోపల కూచుంది. నిజమే. నాలుగడుగులు తడబడి, కళ్లు పైకి తిప్పి, ఒక్క కేక పెడితే చాలు. గల్లీ అంతా రెండు చేతులూ జోడిస్తుంది. నా మీదికి అమ్మ వచ్చి సక్కుబాయి గడపకు బొట్టు పెట్టమని అడిగితే ఎవడు కాదంటాడు? నేను భక్తి ఉన్నవాణ్నే, అమ్మ మనుషుల మీదికి వస్తుందని నమ్ముతాను, చూశాను, ఆ చూపు వేరు, ఆ గొంతు వేరు, నా తల్లి మీదికి వచ్చేది. అందుకే చెయ్యలేను. రానిదాన్ని వచ్చిందని చెబితే ఎవర్ని మోసం చేసినట్టు? ఇంకొకటి కూడా ఉంది. పూనకంతో చేస్తే అది అమ్మ చేసినట్టవుతుంది, రేపు పొద్దునకు గుండయ్య నన్ను క్షమిస్తాడు, వీడికి తెలివి లేకుండె పాపం అంటాడు. నాకు ఆ క్షమ వద్దు. తెలివితోనే ఎత్తానని వాళ్లకు తెలియాలి. కుండ ఊగుతున్నందుకు మెడ బిగబట్టాను, గుడ్డచుట్ట జారిపోతున్నా కాలు మాత్రం సరిగ్గా వేశాను. ఒక్క అడుగు కూడా తడబడకూడదు, తడబడితే ఊగాడంటారు.

నాంపల్లి స్టేషన్‌లో దిగిన రోజు కూడా ఇట్లాగే మెడ బిగబట్టి నడిచాను, నెత్తి మీద అప్పుడు బట్టల మూట. ఈ ఊర్లో నాకు ఎవరూ లేరు. అందుకే వచ్చాను. చార్మినార్ కింద నిలబడి ఒక పూటంతా మనుషుల్ని చూశాను. ఒకడు అరబ్బీ అత్తరు వాసన, ఒకడు బర్రె పాల వాసన, ఒకడు మరాఠీలో తిట్టుకుంటున్నాడు, ఒకడు కన్నడంలో బేరం చేస్తున్నాడు. చాయ్ ఇచ్చినవాడు, అకేలే హో క్యా మియా, ఒక్కడివేనా అని అడిగి, అవునంటే, సాసర్‌లో ఇంకొంచెం పోశాడు, అంతే, పెండ్లెప్పుడని అడగలేదు. ఇదే ఊరు అనుకున్నాను. పని కూడా దొరికింది. ఇల్లే దొరకలేదు. దబీర్‌పురా నుంచి జహనుమా దాకా తిరిగాను, ఏ తలుపు కొట్టినా ఒకటే ప్రశ్న, బాల్‌బచ్చా ఉన్నదా? ఒంటరివాడికి ఇవ్వం. ఒక ముసలాయన, పెండ్లి చేసుకుని రా, పొద్దుగాల తాళంచెవి ఇస్తా, అన్నాడు, పెండ్లి బజార్లో దొరికే సామానైనట్టు. చివరికి లాల్‌దర్వాజాలో కొట్టం ముందు పేడ ఎత్తుతున్న ఆడమనిషిని అడిగాను. నా మూట చూసింది, నన్ను చూసింది. నా బర్రెలు బాల్‌బచ్చా అడగవు, వాసనకు ఓర్సుకుంటవా, అన్నది.

పొద్దున్నే పాలు పిండి వచ్చి ఆమె నా తలుపు మీద ఇత్తడి గిన్నెతో కొట్టేది. లోపల నుంచి ఊఁ అనాలి. అంటే పోయేది. అదొక్కటే. ఎక్కడికి పోయావనీ అడగదు, ఎవరొచ్చారనీ అడగదు. ఒక పొద్దున నేను ఊఁ అనలేదు, మలేరియా. రెండోసారి కొట్టి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. నాకు తెలివి వచ్చేటప్పటికి నా కింద గొంగడి ఉంది, మీద గొంగడి ఉంది, తల పక్కన కాచిన పాలున్నాయి. చంద్రమ్మా, ఇదే నేను నీకు చెప్పాల్సింది, నీళ్ల సంగతి కాదు. షోలాపూర్‌లో పొద్దంతా తలుపు తట్టేవాళ్లే, బొంబాయిలో తట్టేవాళ్లే లేరు, ఇక్కడ పొద్దునొకసారి గిన్నెతో కొట్టి, ఊఁ అంటే పోయే మనిషి దొరికింది. ఊరంతా అట్లా ఉండదు బిడ్డా. ఊరు బాల్‌బచ్చా ఉన్నదా అని తలుపు వేసిందే. మంచం మీద ఉండి కూడా ఆమె పక్క గోడను ఆ గిన్నెతోనే కొడుతుందట, నువ్వు డ్యూటీ నుంచి వచ్చి ఊఁ అనే దాకా. అది వదులుకుని మేనమామ ఇంటికి పోతావా?

ఆ ఏడాదే నాకు మొదటి బోనాలు. పసుపు గిన్నె నా గది ముందుకొచ్చి ఆగి, ఒంటరోడిది ఇల్లు కాదు, అని ముందుకు పోయింది. నేను గడపలోనే నిలబడి ఉన్నాను, స్నానం చేసి, విభూతి పెట్టుకుని. అప్పుడు మొదలైంది నా సందేహం. బొట్టు లేని నా గడప చూస్తుంటే, బతికే ఉన్నానా అనిపించింది. సక్కుబాయి లోపల నుంచి చూసింది. బియ్యం తే, అన్నది. పిడికెడు తెచ్చాను. తన కుండలోకి వేసి వండి, కుండ నెత్తికెత్తుకుని గల్లీ మధ్యలో నిలబడి అందరికీ వినబడేట్టు, ఈ కుండల రెండు ఇండ్లున్నయి, అన్నది. సాయంత్రం నేను కాళ్లకు మొక్కబోతే కాళ్లు వెనక్కి తీసుకుంది.

"ఉత్తగ కాదు పోరడా, బాకీ. నాకు చాతగాని నాడు నా బోనం నువ్వు ఎత్తాలె."

"నేను మొగోణ్ని గద అక్కా."

"అమ్మకు నెత్తి గావాలె. నెత్తి ఉన్నదా లేదా నీకు?"

తరవాత నాకు పెండ్లయింది, అదే గల్లీలో వేరే ఇల్లు దొరికింది, తాళంచెవి ఇంకొకరు నవ్వుతూ ఇచ్చారు. మా గడపకు బొట్టు పడింది. ప్రతి ఏడూ బోనాల నాడు సక్కుబాయి తన కుండ తనే ఎత్తుకుని నా పక్క నుంచి పోతూ, నా బాకీ యాదున్నదా నర్సిమ్మా, అనేది. యాదున్నది అనేవాణ్ని, ఇద్దరం నవ్వేవాళ్లం. ఈ ఏడు ఆమె అడగలేదు. నిన్న పోయి మంచం పక్కన కూచున్నాను, కొట్టం వైపు తిరిగి పండుకుంది. అడగలేదు. అదే నన్ను లేపింది.

మూల వచ్చింది. గుండయ్య ఇల్లు మూల మీదే, అక్కడి నుంచి తిరిగితే గుడి కనబడుతుంది. లలితమ్మ ముందుకు పోయింది. గుండయ్య అరుగు దిగి దారికి అడ్డంగా వచ్చాడు. రెండు చేతులూ చాపాడు. నేను ఆగాల్సి వచ్చింది, అతని గడప ముందే. చెడ్డమనిషి కాదు గుండయ్య, నా పెద్దకొడుకు పుట్టినప్పుడు నులకమంచం తనే మోసుకొచ్చాడు. మొహం ఎర్రగా ఉంది, చెమట పట్టింది. డప్పులు ఒక్కటొక్కటిగా ఆగిపోయాయి.

"ఏంది నర్సిమ్మా గీ యేషం. దించు."

"దించనన్నా."

"అమ్మ వచ్చిందా నీ మీదికి?"

అందరూ చూస్తున్నారు. వెనక నుంచి శివయ్య నా అంగీ అంచు పట్టి గుంజుతున్నాడు, ఊగు, ఊగు అని. గుండయ్య కూడా అదే చెప్పమన్నట్టు చూస్తున్నాడు. అవునంటే అతనికీ తేలికే. దారి వదలడానికి అతనికి ఒక సాకు కావాలి, నా నోట్లో ఒక్క మాట ఉంది.

"రాలేదన్నా. నేను బాలనర్సింహనే. మస్తు తెలివిలనే ఉన్న. ఇది సక్కుబాయి ఇంటి బోనం. ఆమెకు చాతనయితలేదు, నేను ఎత్తిన. ఆ ఇంట్ల ఒక పిల్ల కూడ ఉన్నది, ఈ కుండల ఆమె బియ్యం కూడ ఉన్నయి."

చంద్రమ్మ పొద్దున ట్రంకు పెట్టె మీద కూచుని ఉంటే బియ్యం తెమ్మన్నాను. రేషన్ బియ్యం, నల్లగా, రాళ్లతో. ఏరుకుని పిడికెడు తెచ్చింది, ఎందుకని అడగలేదు.

"నాకు ఆడపిల్లలున్నరు. రాత్రి పోయి పొద్దుగాల వచ్చేదాన్ని నడుమ పెట్టుకొని ఎట్ల బతుకుమంటవు?" గుండయ్య గొంతు తగ్గింది. నాతో ఒక్కడితోనే అన్నట్టు అన్నాడు.

"రోగాలు రాత్రి ఆగవు గదన్నా. నన్ను కూడ మీరు ఇల్లు గాదన్నరు. ఇన్నేండ్లు మీ నడుమనే ఉన్న. ఏం చేసిన?"

అతను పక్కకు జరగలేదు. నా మెడ నరాలు లాగుతున్నాయి. గుడ్డచుట్ట ఎడమ పక్కకు జారింది, కుండ ఆ పక్కకు వాలుతోంది, చెయ్యి పెట్టి ఆపాను, దీపం రెపరెపలాడింది. ఆరితే అయిపోయినట్టే. గాలి వద్దు తల్లీ. ఇంత సేపు అడిగినా నువ్వు చెప్పలేదు, ఒక్క మనిషిది ఇల్లా కాదా అని. సరే, చెప్పకు. గాలి మాత్రం వద్దు. నేను దించను. చీకటి పడే దాకా నిలబడాలంటే నిలబడతాను, ఈ మెడ మగ్గం ముందర వంచి పెరిగిందే.

కాళ్ల మీద చల్లగా తగిలింది. ముందు భయపడ్డాను, కుండలోదేదో కారిందని. కిందికి చూడటానికి లేదు. నా ముందర వంగిన తెల్లని జుట్టు కనబడింది. బుచ్చమ్మ, గుండయ్య భార్య. ఇత్తడి చెంబుతో రెండు కాళ్ల మీదా నిదానంగా, వేళ్ల సందుల్లోకి పోయేట్టు పోస్తోంది. గుండయ్య, ఏయ్, అన్నాడు. ఆమె లేవలేదు, తల కూడా ఎత్తలేదు.

"బోనాన్ని మన గడప ముందల ఆపిందెవరు? నేనా, నువ్వా? ఆపినంక నీళ్లు పొయ్యకుంటె పాపం ఎవరికి?"

గుండయ్య తన గడప వైపు చూసుకున్నాడు. నిజమే, ఏ గడప ముందూ ఆగకుండా వచ్చినవాణ్ని తన గడప ముందు ఆపింది అతనే. చెంబులో మిగిలిన నీళ్లు బుచ్చమ్మ నా పాదాల మీద ఒంపేసి, తడి చేయి కళ్లకద్దుకుని, పక్కకు జరుగు, అమ్మకు తొవ్వియ్యి అన్నది, మొగుడితోనే. ఎవరో నవ్వారు. అతను జరిగాడు. ఎక్కువ జరగలేదు, నా భుజం అతని భుజానికి రాసుకుంటూ పోయేంత జరిగాడు. డప్పు ఒకటి మోగింది, తరవాత అన్నీ. మూల దాటాక మూడు నాలుగు ఇండ్లవాళ్లు పోశారు, కొందరు పొయ్యలేదు. పొయ్యనివాళ్ల ముందర నుంచి కూడా అట్లాగే నడిచాను. ముందర లలితమ్మ ఆగి ఉంది. ఎప్పటి నుంచి ఆగిందో. నేను దగ్గరికి వచ్చాక మళ్లీ కదిలింది, పక్కపక్కనే నడిచాం. కుండ మీది నుంచి చేయి తియ్యకు, వాలుతున్నది, అన్నది. నిన్నటి నుంచి నాతో అన్న రెండో మాట.

గుళ్లో పూజారి నా కుండలో నుంచి తీసి అమ్మ ముందర పెట్టాడు, ఎవరి ఇంటిదని అడిగాడు, సక్కుబాయి ఇంటిది అన్నాను, పేరు చెప్పి హారతిచ్చాడు. అమ్మ కళ్లు పెద్దవి, అందరినీ ఒకటే రకంగా చూస్తున్నాయి. నా సందేహానికి జవాబు ఆ కళ్లలో వెతికాను. దొరికిందని చెప్పను. దొరకలేదనీ చెప్పను. మిగిలిన అన్నం కుండతో పట్టుకుని పొద్దు వాలేసరికి తిరిగి వచ్చాను.

సక్కుబాయి గడపకు బొట్టు లేదు, పొద్దున ఎట్లా ఉందో అట్లాగే ఉంది. చంద్రమ్మ డ్యూటీ చీర కట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది. మూల దగ్గర జరిగింది అప్పుడే ఎవరో వచ్చి చెప్పినట్టున్నారు. ఆమె నా కాళ్ల తడి చూసింది. అప్పుడు నీళ్ల మాట చెప్పినందుకు నవ్వినదానివి, ఇప్పుడేమంటావని అడగాలనిపించింది. అడగలేదు. ఆమె లోపలికి పోయి ట్రంకు పెట్టెను కాలితో మంచం కిందికి తోసింది, ఇనుము నేల మీద రాసుకున్న చప్పుడు బయటికి వినబడింది. పొద్దుగాల వస్త అవ్వా, అని సక్కుబాయితో చెప్పి గొడుగు తీసుకుని దవాఖానకు పోయింది.

మంచం పక్కన కూచుని ఒక ముద్ద తీసి సక్కుబాయికి అందించాను. చాలాసేపు నమిలింది. ఆమె కాలి మెట్టెలు దుప్పటి బయట మెరుస్తున్నాయి. మింగి, మంచం పట్టె మీద ఇత్తడి గిన్నె పక్కన చేయి పెట్టుకుంది.

"బెల్లం తక్కువేసినవు," అన్నది. "అయిన సరే. బాకీ తీరింది, పో."

ఇంకో ముద్దకు నోరు తెరిచింది.